ఆ ఇంటి ఆరు గంటలు

షికారు డబ్బుల కవర్లలో ఐదింటి లెక్క సరిపోయింది. ఆరో కవరులో ఎప్పటిలాగే ఎక్కువ ఉంది. ఆమె మిగులు నాణేలను చిన్న పొట్లం కట్టి, తను గడుగ్గాయి అని పిలిచే పిల్ల సంచి పక్క జేబులో వేసి బొత్తం పెట్టింది. ఆ పిల్ల తల్లి బస్సు కండక్టరు. షికారుకు డబ్బు పంపిన ప్రతిసారీ లెక్క తప్పుతుంది. బస్సులో చిల్లర ఎలా ఇస్తుందో పాపం, అనుకుంది ఆమె.

ఆ ఇంట్లో ఆమె ఆరుగురు పిల్లల్ని చూసుకుంటుంది. పిల్లలకు ఆమె అమ్మమ్మ. తల్లిదండ్రులు ఎదురుగా పిన్ని అంటారు, వీధి మలుపు తిరిగాక లెక్కల పిన్ని అంటారు. ఆమెకు తెలుసు. తలుపు వెనక అతికించిన కాగితం మీద నాలుగు వరుసలున్నాయి. నెల ఫీజు మొదటి వారంలో. వేళ మారితే వారం ముందు చెప్పాలి. సాయంత్రం ఆరు దాటితే ప్రతి పావుగంటకూ అదనం. షికారు ఖర్చు పిల్లలందరికీ సమానం, నా టికెట్టు నాది. పద్దెనిమిదేళ్ళలో కాగితం మూడుసార్లు మారింది. మాటలు మారలేదు.

ఇస్త్రీ దుకాణం నాన్న కొడుకును దింపుతూ, రేపటి నుంచి ఏడింటికే తెస్తానన్నాడు. ఆమె కాగితం వైపు చూసింది. అతనూ చూశాడు.

"అంటే వచ్చే గురువారమా, పిన్నీ?"

"అంతే నాయనా. నేనూ నిద్ర లేవాలిగా."

అతను నవ్వి వెళ్ళిపోయాడు.

కాగితం మీద లేనిది ఒకటుంది. గోడ గడియారం పది నిమిషాలు వెనక నడుస్తుంది. ఆమె కావాలనే అలా పెట్టింది. ఒకప్పుడు ఆమె బట్టల దుకాణంలో పనిచేస్తూ, కొడుకును ఇలాగే పిల్లల్ని చూసుకునే ఒకరింట్లో వదిలేది. ఎంత పరుగెత్తినా కొడుకును తీసుకోవడానికి పది నిమిషాలు ఆలస్యమయ్యేది. వాడు సంచి తగిలించుకుని ఆ ఇంటి గేటు బయట నిలబడి ఉండేవాడు. తన ఇంట్లో ఈ పని మొదలుపెట్టిన రోజు ఆమె స్టూలు ఎక్కి ముల్లు వెనక్కి తిప్పింది. చేతి గడియారాన్నీ దానికే సరిపెట్టింది. బస్సుకు వెళ్ళాలంటే మనసులో పది కలుపుకుంటుంది. ఈ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం.

తొమ్మిదిన్నరకు బయల్దేరారు. ముడులు వేసిన తాడు, ముడికొకరు చొప్పున పిల్లలు, చివర ఆమె. చేపల ప్రదర్శనశాల టికెట్ల కిటికీలో గుమస్తా ఆరుగురినీ లెక్కపెట్టి, అందరూ మనవలేనా అని అడిగాడు.

"కాదు," అందామె. "ఇది నా పని."

ఆరు చిన్న టికెట్లు, ఒక పెద్ద టికెట్టు తీసుకుంది. పెద్ద టికెట్టుకు డబ్బు తన పర్సులోంచి ఇచ్చింది.

లోపలికి వెళ్ళే వరుసలో గడుగ్గాయి ఆమె మణికట్టు పట్టుకుని చూసింది. తర్వాత తలెత్తి అక్కడి గోడ మీది గడియారం చూసింది. ఐదేళ్ళు నిండిన ఆ పిల్లకు గంటలు, నిమిషాలు చెప్పడం ఆమే నేర్పింది. అట్టముక్కతో గడియారం చేసి, ముళ్ళు గుండుసూదితో గుచ్చి, ఆరు నెలలు నేర్పింది.

"అమ్మమ్మా, వీళ్ళ గడియారం తప్పు. పది నిమిషాలు పరుగెత్తేసింది."

ఆమె మణికట్టును కొంగు చాటుకు తీసుకుంది.

"మొన్న అమ్మ చేర్పించిన కొత్త బళ్ళో కూడా ఇంతే తప్పు. పెద్ద టీచరుకి చెప్పేశా."

"మీ అమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. నా నోరు మూసింది."

గాజు వెనక చేపలు తిరుగుతున్నాయి. ఆమె వాటిని చూడలేదు. ఇవాళ గడుగ్గాయికి ఇక్కడ చివరి రోజు. తల్లి డ్యూటీ రేపటి నుంచి ఏడింటి దాకా మారింది. కొత్త బడిలో ఏడున్నర వరకూ ఉంచుకుంటారు. మారే సంగతి తల్లి వారం కాదు, నెల ముందే చెప్పింది. మూడేళ్ళుగా గోడ గడియారంలో సరిగ్గా ఆరుకు గుమ్మంలో ఉంటోంది. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ తీసుకోని మనిషి. రోజూ పది నిమిషాలు తనకు దానంగా అందాయని ఇవాళ తెలిస్తే, ఈ గుమ్మం దిగేటప్పుడు తల దించుకుని దిగుతుంది. ఆమెకు అదే భయం.

"ఏది కరెక్టు, అమ్మమ్మా? మనదా, వీళ్ళదా?"

పిల్లలకు ఆమె అబద్ధం చెప్పదు. "రెండూ కరెక్టే. అది బయటి టైము. మనది ఇంటి టైము."

గడుగ్గాయి తలూపింది. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఆమె స్టూలు గడియారం కిందికి లాగింది. సరిచేస్తే గడుగ్గాయి తల్లికి ఇవాళ ఆలస్యమవుతుంది, మూడేళ్ళలో మొదటిసారి. ఆమె స్టూలును తిరిగి బల్ల దగ్గర పెట్టింది. అక్కడ గడుగ్గాయి నిద్రపోకుండా అట్టముక్క కత్తిరిస్తోంది.

గోడ గడియారంలో ఆరయింది. కండక్టరు గుమ్మంలో నిలబడింది. భుజాన టికెట్ల సంచి లేదు, దాని పట్టీ గుర్తు చొక్కా మీద ఉంది. లోపలికి వచ్చి బల్ల మీద ఒక కవరు పెట్టింది.

"ఫీజు ఇచ్చేశావుగా, అమ్మాయ్."

"ఇది పావుగంటలది. మూడేళ్ళది."

ఆమె కవరు ముట్టుకోలేదు. "ఎప్పుడు తెలిసింది?"

"మొదటి వారమే. అందరికీ తెలుసు పిన్నీ. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అడిగితే మీరు సరిచేస్తారని ఎవరూ అడగలేదు." కూతురి సంచి అందుకుంది. "షికారు కవర్లలో ఎక్కువ పెట్టి పంపాను. మీరు ప్రతిసారీ పొట్లం కట్టి పంపేశారు."

"నీకు లెక్క రాదనుకున్నాను."

"కండక్టర్నండీ."

ఇద్దరూ నవ్వారు. ముందు ఆపింది ఆమె. కుర్చీలోంచి లేచి, కవరు తీసి తల్లి చేతిలో పెట్టింది.

"కాగితం చదువు. ఆరు దాటితే అని ఉంది. ఏ గడియారం ప్రకారమో రాయలేదు. ఈ ఇంట్లో ఆరెప్పుడో నేను చెప్తాను. నువ్వు ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాలేదు."

కండక్టరు కవరు వైపు చూసింది, గోడ వైపు చూసింది. కవరు మడిచి జేబులో పెట్టుకుంది. తర్వాత చేతి గడియారం మర తిప్పి, ముల్లు పది నిమిషాలు వెనక్కి జరిపింది.

"వస్తాం పిన్నీ," అంది. తల ఎత్తే ఉంది.

గడుగ్గాయి చెప్పులు తొడుక్కుని, తాడులో తన ముడిని ఒకసారి పట్టుకుని వదిలింది. వీధి మలుపు దాకా తల్లీకూతుళ్ళు వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళారు. ఆమె తలుపు దగ్గరే నిలబడింది.

తర్వాత కత్తిరించిన ముక్కలు ఊడ్చి, బల్ల తుడవబోయింది. బల్ల మీద అట్ట గడియారం ఉంది. చిన్న ముల్లు ఆరు మీద ఉంది. పెద్ద ముళ్ళు రెండున్నాయి, ఒకటి పన్నెండు మీద, కొత్తగా గుచ్చింది రెండు మీద.