ముడికి జానెడు

తాడు కావాలని ఎవరొచ్చినా ఆవిడ ముందు ఒకటే అడిగేది.

"దేనికి?"

"తాడేనమ్మా. మామూలు తాడు."

"తాడు అనే సరుకు నా దగ్గర లేదు. దేనికో చెప్పండి."

మంచానికైతే నులక. పశువుకైతే పలుపు. నూతికైతే చేంతాడు. లారీ మీద సామాను బిగించాలంటే మోకు. పొట్లానికి పురికొస. గోడ పొడుగునా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో చుట్ట. "ఏ పేరు పెట్టినా అంతా పీచేగా" అని నవ్వే వాళ్ళుండేవారు. "మీరూ నేనూ కూడా ఎముకలేగా. ఒకళ్ళింటికి బదులు ఇంకొకళ్ళింటికి వెళ్ళిపోతామా?" అనేది ఆవిడ, నవ్వకుండా. వీధిలో అందరికీ ఆవిడ తాళ్ళమ్మే. అసలు పేరు రేషన్ కార్డులో ఉండాలి.

కొలత చేతులతోనే. రెండు చేతులూ చాపితే బార. అన్ని బారలూ అయ్యాక, ఇంకో జానెడు వదిలి కోసేది. ఆ జానెడు ముడికి. దానికి డబ్బు లేదు. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి ముడేసుకుంటే కొలత తరిగిపోతుంది, ఆ తరుగు మన చేతి మీదుగా వెళ్ళాలి అని అత్తగారు నేర్పిన పద్ధతి. అత్తగారు నేర్పలేనిది ఒకటే, కుడిచేత్తో ముడెయ్యడం. కోడలిది ఎడమచేతి వాటం. ఆవిడ ముడి ఎప్పుడూ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండేది. "నీ ముడి దొంగలు కూడా ఎత్తుకుపోరే, ఇట్టే దొరికిపోతారు" అనేది పెద్దావిడ.

ముప్ఫై ఏళ్ళలో ఆ జానెడు ఒక్కసారే తప్పింది. అదీ కూతురికే.

పిల్లకి ఎత్తు మేడల అద్దాలు తుడిచే పని దొరికింది. పైకప్పు నుంచి తాడు వేలాడేసుకుని, నడుం పట్టీకి తగిలించిన ఇనుప పట్టు వదులుకుంటూ అంతస్తు అంతస్తూ దిగాలి. వారం రోజులు ఇంట్లో అదే గొడవ.

"నేల మీద పనులే లేవుటే నీకు?"

"నీ తాళ్ళు పట్టుకుని ఎవరెవరో ఎక్కుతున్నారు కదమ్మా. నేనెక్కితేనే తాడు తెగుతుందా?"

"నా తాడు తెగదు."

"మరి?"

మరి ఏమిటో చెప్పడం రాదు ఆవిడకి.

ఎనిమిదో రోజు కూతురు గల్లా ముందు నిలబడింది, కొనే మనిషిలాగే. "పదిహేను బారలు కావాలి." దేనికి అని ఆవిడ అడగలేదు. కొత్త చుట్ట దించి పదిహేను బారలు కొలిచింది. పదిహేనో బార దగ్గరే కత్తి పెట్టింది. కోసిన చోటు పిల్ల చూసింది. ఆ కొట్లో పాకుతూ పెరిగిన పిల్ల, దానికి తెలియకపోవడమేం. తాడు భుజానికి తగిలించుకుని, ఊరి అవతల గది తీసుకుని వెళ్ళిపోయింది.

మిగిలిన చుట్టని ఆవిడ మూల కొక్కేనికి వేసింది. తెల్లారి షట్టర్ ఎత్తేసరికి కొస జానెడు పెరిగి ఉంది.

కోసేసింది. మర్నాడు మళ్ళీ పెరిగింది. అలా రెండేళ్ళు. రోజూ దీపం పెట్టడం కంటే ముందు కత్తి తీసేది. బెంగ అలా గోడకి వేలాడుతుంటే వచ్చేపోయే వాళ్ళంతా చూస్తారని సిగ్గు. కోసిన ముక్కలు మాత్రం పక్క కొట్టు దర్జీకి ఇచ్చేది. అతను వాటితో బట్టల మూటలు కట్టుకునేవాడు.

"వదినా, ఇవాళెంత?"

"జానెడున్నర."

"అబ్బో. నిన్నంతా తలుచుకుంటూ కూర్చున్నట్టున్నావు."

ఇంకో రోజు, "బెత్తెడేనా? పిల్ల మీద కోపం తిరగబెట్టిందా ఏమిటి?"

"ముక్క కావాలా, మాట కావాలా?" అనేది ఆవిడ. అతను ముక్క పుచ్చుకుని వెళ్ళేవాడు.

ఒక సాయంత్రం దర్జీ యూనిఫారాలు ఇచ్చి రావడానికి ఊరి అవతలి పెద్ద మేడకి వెళ్ళాడు. తిరిగొచ్చి తన కొట్టు తెరవకుండా ఇటు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. వేళాకోళమాడలేదు.

"అమ్మాయి కనిపించింది వదినా. చిక్కింది. బాగానే ఉంది."

ఆవిడ నులక చుట్టడం ఆపింది.

"తాడు కొసకి ముడి లేదు," అన్నాడు.

"ఉండాలి కదా. పట్టు జారితే ఆగడానికి."

"నేనూ అదే అడిగా. ముడేస్తే జానెడు పోతుంది బాబాయ్, ఆఖరి వరస అద్దాలు అందవు, పదిహేను బారలు సరిగ్గా సరిపోతోంది అంది." నేల వైపు చెయ్యి చూపిస్తూ అన్నాడు. "ఆ అద్దాల కింద ఏముందో చూశాను. మూడు మనుషుల లోతు. రాతి మెట్లు."

ఆవిడ లేచి కొత్త చుట్ట దించి పదహారు బారలు కొలిచింది. పైన జానెడు వదిలింది. ఎందుకో ఇంకో జానెడూ వదిలింది. "రేపు ఇచ్చిరా" అంది.

దర్జీ మర్నాడు ఆ చుట్టతోనే తిరిగొచ్చాడు.

"నా దగ్గరుంది, వద్దు అని చెప్పమంది."

"అంతేనా?"

"అమ్మ కొలిచి ఇచ్చింది, అదే వాడతానంది."

ఆ మొండితనం ఎవరి దగ్గర నేర్చిందో ఆవిడకి తెలుసు. చుట్టని కొక్కేనికి తగిలించింది.

తెల్లారి షట్టర్ ఎత్తింది. మూల కొస మూరెడు పెరిగి నేలకి ఆనుతోంది. ఎన్నడూ అంత పెరగలేదు. కత్తి చేతిలోకి తీసుకుంది. కొస పట్టుకుంది. వెచ్చగా ఉంది, నిద్రలేచిన పిల్ల మెడలా. కత్తి బల్ల మీద పెట్టేసింది. పెరిగినదాన్ని మెలితిప్పి, ఎడమచేత్తో లాగి, ముడి వేసింది. గట్టిదో కాదో రెండుసార్లు లాగి చూసింది. ముడి కింద జానెడు కొస మిగిలింది.

"కొయ్యలేదేం?" అన్నాడు దర్జీ, అటుగా వెళ్తూ.

"మొద్దుబారింది కత్తి."

మధ్యాహ్నం బేరాలు లేని వేళ, గుమ్మంలో నీడ పడింది. తడిసిన ప్యాంటు, భుజాన తాడు. కూతురు లోపలికొచ్చి తాడు బల్ల మీద పెట్టింది.

"సబ్బునీళ్ళు. పట్టు జారింది. ఆఖరి వరస దాటి వెళ్ళిపోయాను."

ఆవిడ బల్ల అంచు పట్టుకుంది.

"ఆగాను," అంది పిల్ల. తాడు కొస తీసి చూపించింది. కొసకి ముడి ఉంది. అద్దంలో చూసినట్టు తిరగబడ్డ ముడి. "ఇది నేను వేసింది కాదు."

"చెయ్యి చూపించు."

"ఏం కాలేదు."

"చూపించవే."

అరచెయ్యి తోలు లేచిపోయి ఉంది. ఆవిడ గుడ్డ తడిపి అద్దింది. పిల్ల కళ్ళు మూసుకుంది కానీ చెయ్యి లాక్కోలేదు. ఆవిడ గుడ్డ పక్కన పెట్టి బల్ల మీది తాడు అందుకుంది.

"కొలవనా?" అంది చివరికి ఆవిడ.

"కొలువు."

ఒక కొస కూతురు పట్టుకుంటే ఆవిడ చేతులు చాపుతూ కొలిచింది. పదిహేను బారలు. ముడి. ముడి అవతల జానెడు.

"అప్పుడు తక్కువ కోశాను," అంది ఆవిడ.

"తెలుసు."

"తక్కువైతే వెనక్కొస్తావనుకున్నాను. అడగడానికి."

పిల్ల తాడు చుట్ట చుట్టడం మొదలుపెట్టింది. "నువ్వు దేనికి అని అడుగుతావేమో అని చూశాను నేను," అంది. "అందరినీ అడుగుతావు."

ఆవిడ రెండేళ్ళ తర్వాత అడిగింది.

"దేనికే?"

"అంత ఎత్తులో అద్దం తుడిస్తే ముందు నా మొహం కనిపిస్తుందమ్మా. తర్వాత వెనకాల ఊరంతా. ఈ వీధి కూడా. కొట్టు కనిపించదు కానీ, ఎక్కడుంటుందో తెలుస్తుంది."

అన్నం తిని, చేతికి కట్టు కట్టించుకుని, చీకటి పడకముందే వెళ్ళింది. ఆదివారం వస్తానంది. పాత తాడే తీసుకెళ్ళింది.

మర్నాడు పొద్దున దర్జీ తన షట్టర్ ఎత్తుతూ ఇటు తొంగి చూశాడు. మూల కొక్కేనికి ముడి అలాగే ఉంది. ముడి కిందుగా కొత్త కొస, లేత రంగులో, గల్లా దాకా సాగి వచ్చింది. ఈ వేళకి ఊరి అవతల పిల్ల పైకప్పు అంచు మీద నిలబడి, కట్టు కట్టిన చేత్తోనే నడుం పట్టీ బిగించుకుంటూ ఉంటుంది.

"వదినా, ఇవాళెంత?"

ఆవిడ కొస తొక్కకుండా పక్కకి జరిగి, బేరానికి వచ్చిన మనిషి వైపు తిరిగింది.

"కొలవలేదు," అంది.