పుట్టింటిని కరిగించమన్నారు

నేను ఒక తెల్లటి పొడిని. పేరు సోడియం డీఆక్సీకోలేట్. పలకడానికి నోరు తిరగనివాళ్లు బైల్ సాల్ట్ అంటారు. నన్ను సబ్బు అనేవాళ్లున్నారు, పైత్యరసపు ఉప్పు అనేవాళ్లున్నారు. ఇద్దరిదీ నిజమే కావడంతో నేనెవరో నాకింతవరకు తేలలేదు.

నా మూలం ఒక ఎద్దు. దాని కాలేయంలో పుట్టి, అది తిన్నదాంట్లోని కొవ్వును చిన్న చిన్న బొట్లుగా విడగొట్టేవాణ్ణి. ఎద్దు పోయింది. నన్ను మాత్రం ఫ్యాక్టరీలో ఉడికించి, కడిగి, రూపం కాస్త మార్చి, ఆరబెట్టి సీసాలో పోశారు. నేను చచ్చినట్టా, మళ్లీ పుట్టినట్టా? అడుగుదామంటే చుట్టూ ఉన్నవన్నీ సీసాలే.

చివరికి విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలకు చేరాను. ఇందుమతి అనే పరిశోధక విద్యార్థిని నా మూత తీసింది. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో ఇరుక్కున్న ఒక ప్రోటీన్ ఆమెకు కావాలి. అదీ ప్రాణంతో, అంటే తన పని తాను చేసుకునే స్థితిలో. అంతకుముందు వాడిన ఘాటు సబ్బు పొరతోపాటు ప్రోటీన్‌నూ పాడుచేసిందట. మెతక సబ్బు బయటికైతే తీసింది గాని, పండక్కొచ్చిన చుట్టంలా ఇక దాన్ని వదల్లేదట. ఈసారీ కుదరకపోతే అంశం మార్చేద్దామని ఆమె గైడు సంజీవరాజుగారు తేల్చేశారు. అంటే మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఆమె మార్కెట్ నుంచి ఐసులో పెట్టి తెచ్చింది చూసి నా బుర్ర తిరిగిపోయింది. మేక కాలేయం! నేను పుట్టింది అలాంటి చోటే. ఇప్పుడు దాని పొరలనే కరిగించాలట. కన్నవారి గోడలు కూల్చమని కూతుర్ని పురమాయించినట్టుంది. మనుషులకు ఇందులో వింతేమీ కనబడలేదు.

పాపం, ఇందుమతి జాగ్రత్తే కొంప ముంచింది. ప్రోటీన్ పాడవకూడదని అన్నీ ఐసులో పెట్టింది. నన్ను కలిపిన నీళ్లు క్షారంగా ఉన్నాయని, ఒంట్లో ఉన్నట్టే ఉండాలని వాటిలో నాలుగు చుక్కలు ఆమ్లం కూడా వేసింది. నాకేమైందో నాకే తెలియదు. నీళ్లలా ఉన్నవాణ్ణి జున్నులా బిగుసుకుపోయాను.

"ఏటమ్మా ఇది, గెడ్డకట్టేసింది?" అన్నారు సంజీవరాజుగారు, గొట్టం తలకిందులు చేసి.

"పొడి పాడైపోయిందేమో సార్." అంది ఇందుమతి.

"పొడికేటీ అవలేదు. పప్పు ఉడక్కముందే చింతపండు పిసికేస్తే ఉడుకుతాదేటి? దీనికీ పులుపు పడదు. అందులో చలొకటి. మళ్లీ కలుపు."

నా గుణం నాకన్నా ఆయనకే బాగా తెలుసు. సిగ్గేసింది.

ఈసారి ఆమె ఆమ్లం జోలికి పోలేదు, నన్ను ఐసులోనూ పెట్టలేదు. నీళ్లను కాస్త క్షారంగానే ఉంచింది. నేను కాలేయపు పొరల్లోకి దూరాను. కొవ్వును విడదీసి, ప్రోటీన్‌ను నెమ్మదిగా బయటికి తెచ్చాను. బెదిరిపోయి ఉంది. చుట్టూ చేరి పట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, దాని మీద నాకు మమకారం పుట్టింది.

అప్పుడు ఇందుమతి అందులో కొత్త కొవ్వు కలిపి, మొత్తాన్ని సన్నని రంధ్రాలున్న సంచిలో పోసి, బకెట్ నీళ్లలో వేలాడదీసింది. నేను చిన్నవాణ్ణి కదా, ఆ రంధ్రాల్లోంచి కొంచెం కొంచెంగా బకెట్ నీళ్లలోకి జారిపోయాను. ప్రోటీన్ పెద్దది, లోపలే ఉండిపోయింది. నేను వదిలిన చోట కొత్త కొవ్వు పొరగా చుట్టుకుంది. నన్ను ఎంచుకున్నదే ఇందుకట, తేలిగ్గా వెళ్లిపోతానని! మెచ్చుకున్నారో, పొమ్మన్నారో ఇప్పటికీ అర్థం కాలేదు.

మర్నాడు ఇందుమతి సంచిలోంచి ఒక చుక్క తీసి పరీక్ష గొట్టంలో వేసింది. ప్రోటీన్ పనిచేస్తుంటే అందులోని మందు పసుపు రంగుకు తిరగాలి. కాసేపటికి గొట్టం పసుపుపచ్చగా మారింది.

"సార్! బతికే ఉంది సార్!" అని అరిచింది. కళ్లనీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

నాకూ సంతోషంతో గంతెయ్యాలనిపించింది. అంతలో ఆమె నవ్వుతూనే బకెట్టెత్తి సింకులో కుమ్మరించింది.