తిరగేసి ఆరేసిన బట్టలు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని, ఒక్కో మాటకి చాలాసేపు పడుతుంది. ‘నేను’ అని మొదలుపెడితే చెయ్యి సాగడం లేదు. అందుకని ‘ఆమె’ అని రాస్తున్నాను.

పొద్దున్నే ఆమె కిటికీ గట్టు తుడిచి, గుడ్డ తిప్పి చూసుకుంటుంది. తెల్లగానే ఉంటుంది. మిల్లులో అద్దకం బాయిలర్ ఆగి మూడేళ్ళయింది. దాని దగ్గర పనిచేసిన భర్త దగ్గి దగ్గి పోయి నాలుగేళ్ళు. ఆమెని మాత్రం అందరూ ఇప్పటికీ బాయిలరమ్మ అనే పిలుస్తారు. మసి పడే రోజుల్లో ఆమె బట్టలన్నీ తిరగేసి ఆరేసేది, లోపలివైపు పడితే పైకి కనపడదని. “ఒళ్ళంతా దురద. ఉతకడం కూడా రాదా నీకు” అనేవాడాయన. అత్తగారు తన వంటిల్లు అద్దంలా ఉంటుందని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. మాడిన గిన్నెలన్నీ పెరట్లో కోడలి ముందు ఉండేవి. పెరట్లోకి ఎవర్నీ తీసుకెళ్ళేది కాదు.

నిన్న మిల్లు మేనేజరు ఒక కాగితం పట్టుకొచ్చాడు. పొగ తగ్గించినందుకు మిల్లుకి బహుమతి వచ్చిందట.

“బహుమతి ఇచ్చే సభలో నువ్వు ఇది చదవాలి పెద్దమ్మా. మా ఇంట్లో మసి లేదు, మా పొగ పోయింది, అంతే. గజం గుడ్డకి కరెంటు ఖర్చు సగానికి సగం తగ్గింది తెలుసా?”

“అద్దకం ఎక్కడ చేస్తున్నారు బాబూ?”

“పై దేశంలో. అక్కడ డబ్బు పెట్టి మిల్లు కట్టాం. అద్దిన గుడ్డ ఇక్కడికొస్తే మనం కుట్టి ఇస్త్రీ చేస్తాం.”

“పక్కింట్లో వండించుకు తింటే నా పొయ్యీ చల్లగానే ఉంటుంది.”

అతను నవ్వాడు. “నీతో వాదించలేను. ఈ మిల్లు గది నీకే ఉంచమని పైవాళ్ళకి చెప్పాలంటే, నువ్వూ ఒక మాట సాయం చెయ్యాలి కదా” అంటూ ఫోన్‌లో అక్కడి మిల్లు చూపించాడు.

అదే బాయిలర్. ముక్కలుగా విప్పి ఓడెక్కించారట. దాని తలుపు మీద తన భర్త వేసిన రేకు అతుకు అలాగే ఉంది. గోడ అవతల ఎవరో ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. ఆమె ఫోను దగ్గరికి లాక్కుంది. చొక్కాల కుట్లు పైకి కనిపిస్తున్నాయి. జేబులు నాలుకల్లా బయటికి వేలాడుతున్నాయి. అన్నీ తిరగేసే ఉన్నాయి.

ఆవిడకి అది ఎవరు నేర్పి ఉంటారు? తనకీ ఎవరూ నేర్పలేదు.

ఈ పొద్దున గట్టు తుడుస్తుంటే కిటికీ బయట దగ్గు వినిపించింది. ఆయన దగ్గు కాదు, ఆడమనిషిది. తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు. గుడ్డ తెల్లగానే ఉంది.

ఆమె కాగితం ముందు కూర్చుని, ‘మా పొగ పోయింది’ అన్నది కొట్టేసి, కింద రాసింది: ‘మా పొగ పోలేదు. ఇంకొకావిడ దండెం మీదికి పంపారు.’

సభలో ఇదే చదువుతాను. నేనే చదువుతాను.

బాయిలరమ్మ,
అరవై రెండేళ్ళు,
మిల్లు వెనక వరసలో చివరి గది, ఇవాళ్టి వరకు.