ఆయిల్ కడ్డీ సాక్ష్యం

నేను ఒక ఆయిల్ గేజు కడ్డీని. ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూడ్డానికి డ్రైవర్లు బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దింపి, మళ్ళీ లాగి చూస్తారే, ఆ సన్నపాటి ఇనప కడ్డీని. ఇప్పుడైతే వేమగిరి దగ్గర ఒక పాత ఇనప సామాను గుట్టలో, వంగిపోయిన సైకిల్ హ్యాండిల్ కింద పడున్నాను. నేను చెప్పేది నమ్ముతారో లేదో మీ ఇష్టం. నేను మాత్రం ఎవర్నీ ఊరికే నమ్మను. నమ్మకం ఉన్నవాడెవడైనా నన్ను బయటికి లాగుతాడా? మనిషి నా తల పట్టుకున్నాడంటే ఎవడిమీదో అనుమానం వచ్చిందన్నమాటే. ఇంజిన్ మీదో, ఆయిల్ మీదో, డ్రైవరు మీదో. పద్నాలుగేళ్ళు అనుమానాల్లో మునిగి తేలిన ప్రాణం నాది.

నన్ను చేసిన ఫ్యాక్టరీ ఎక్కడో తమిళనాడు వైపుంది. నా కొనకి పైనొకటి, కిందొకటి రెండు గాట్లు పెట్టి, పికప్ బండి ఇంజిన్‌లో దింపారు. ఆ రెండు గాట్ల మధ్య ఆయిలుంటే బండి క్షేమం. నా చదువంతా అంతే, మట్టం చెప్పడం. ఆయిల్ రంగు చూసి మంచిచెడ్డలు చెప్పమని నన్నెవరూ పుట్టించలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నా దగ్గరికొచ్చినవాళ్ళు అదే మర్చిపోతారు.

మొదటి ఓనరు తణుకులో కోళ్ళ మేత వ్యాపారి. పేరు చెప్పను, మనిషింకా ఉన్నాడు. ఆ మహానుభావుడు నాలుగేళ్ళలో నన్ను పదిసార్లు లాగుంటే ఎక్కువ. ఆయిల్ కింది గాటు దిగిపోయినా పట్టించుకోలేదు. ఇంజిన్ లోపల వాల్వుల్ని తట్టే టాపెట్లు టిక్కుటిక్కుమంటుంటే టేపురికార్డరు సౌండు పెంచేవాడు. చివరికి అమ్మకానికి పెట్టిన రోజున మాత్రం బాగా చిక్కటాయిల్ తెచ్చి పోయించాడు, చప్పుడు అణిగిపోతుందని. గొంతు బొంగురుపోయిన పెళ్ళికొడుక్కి మిరియాల కషాయం పట్టించి పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు.

ఆ పెళ్ళిచూపులకి వచ్చినావిడ మంగతాయారు గారు. కడియపులంకలో మొక్కల నర్సరీ. భర్త పోయాక ఎనిమిదెకరాలూ ఒంటిచేత్తో నడిపిస్తోంది. వెంట డ్రైవరు ఏసుబాబుని తెచ్చుకుంది. అతను నన్ను లాగి, నా కొనని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూశాడు.

"అమ్మగారూ, చప్పుడు తొక్కిపెట్టడానికి చిక్కటాయిల్ పోశారండి. రేటు తగ్గిస్తే తీసుకుందాం. టాపెట్లు నేను సరి చేయిస్తాను."

నాకు ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి. నా మాట విన్న మొదటి మనిషి!

ఏసుబాబు చేతిలో ఏడేళ్ళు దర్జాగా బతికాను. రోజూ పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బండి చదునైన చోట నిలబెట్టి చూసేవాడు. ఆయిల్ కొట్టువాడు ప్రతిసారీ, "పాత బండికి చిక్కటాయిలే మందు ఏసూ, పట్టుకెళ్ళు" అని అంటగట్టబోయేవాడు. "బండి బుక్కులో ఫిఫ్టీన్ ఫార్టీ రకం ఆయిలని రాసుందండి. డీజిల్ బండికిచ్చేదే ఇవ్వండి. చిక్కటిది పొద్దున్నే పైదాకా ఎక్కేసరికి ఇంజిన్ పొడిపొడిగా తిరుగుతుంది," అని ఇతను వాదించేవాడు. ఆయిల్ మార్చడం కూడా బయట చేయించేవాడు కాదు. మెకానిక్కుల మీద అనుమానం. మంచి ఆయిల్ దాచేసి పాతది పోస్తారని, నర్సరీ షెడ్డులో ఒక్కడే కూర్చుని తన చేత్తో మార్చేవాడు. ఆ అతి జాగ్రత్తే అతని కొంప ముంచింది. మార్చినప్పుడు పక్కన చూసినవాడు ఒక్కడూ లేడు, నేను తప్ప. నేనేమో మూగదాన్ని.

ఏడో ఏడు కార్తీకమాసంలో ఆయిల్ మార్చాడు. పాతది బేసిన్‌లోకి దింపి, కొత్తది పోసి, ఖాళీ అయిన కొత్త డబ్బాలోకి పాతాయిల్ ఒంపుకున్నాడు. మా వైపు నర్సరీల్లో పాతాయిల్ పారబొయ్యరు. నీడవల పందిళ్ళకి పాతే వెదురు రాటల మొదళ్ళకి పూస్తారు, చెదపట్టకుండా. అతని ఇంటి ముందు పాక రాటలకి పూద్దామని ఆ డబ్బా మోటార్‌సైకిల్‌కి తగిలించుకుని వెళ్ళాడు. అరుగు మీద కూర్చున్న మంగతాయారు గారు ఆ బరువైన కొత్త డబ్బాని చూసింది. "ఏంటది ఏసూ?" అంది. "పాతాయిలమ్మగారూ, రాటలకి" అన్నాడు. ఆవిడేం అనలేదు. నా మాట అడిగితే, ఏమన్నా అనుంటేనే బాగుండేది. అప్పుడే మూత తీసి చూసుంటే పోయేది. అనుమానం కడుపులో దాచుకుంటే ఊరికే ఉంటుందా?

రెండో రోజు తెల్లవారుజామున బండి స్టార్ట్ చెయ్యగానే టిక్ టిక్ టిక్ మని చప్పుడు. పది నిమిషాలు పోయాక, ఇంజిన్ వేడెక్కాక అణిగిపోయింది. మూడో రోజూ అంతే. నాకూ అనుమానం తగిలింది గానీ ఆయిల్ మీద కాదు. ఆయిల్లోనే నిలబడి ఉన్నాను, అది అచ్చంగా కొత్తదే, పై గాటు దాకా ఉంది. చప్పుడు నాకు అవతలి వైపు నించి వస్తోంది. ఏసుబాబు కూడా తల వంచి విన్నాడు. "ఇవాళ లోడు దింపొచ్చాక చూడాలి," అని గొణుక్కున్నాడు.

అంతవరకు ఆగితేనా! మంగతాయారు గారు అరుగు దిగి వచ్చింది. ఏడేళ్ళలో ఎన్నడూ ముట్టుకోనిది, బానెట్ కిందకి చెయ్యి పెట్టి నన్ను సర్రున లాగింది. నా కొన నల్లగా, తారులా ఉంది.

"కొత్తాయిల్ పోసి మూడ్రోజులు కాలేదు. ఏంటిది?"

"డీజిల్ బండమ్మగారూ, నల్లబడుతుందండి..."

"నాకు చెప్పకు. నువ్వుల నూనె దగ్గర్నించి మొక్కల మందుల దాకా రంగు చూసి కల్తీ పడతాను నేను. కొత్తది డబ్బాతో పట్టుకుపోయి, పాతది ఇందులోనే ఉంచేశావు. అందుకే ఇంజిన్ అరుస్తోంది."

బండిలోకి మొక్కలెక్కించే ఆడా మగా పన్నెండు మంది ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఏసుబాబు తొందరపడి ఏదో చెప్పబోయాడు. "రాటలు చూడండి, వచ్చి చూడండమ్మగారూ," అన్నాడు. ఆవిడ నన్నే చూస్తోంది. మట్టం చూడమ్మా తల్లీ, పై గాటు చూడు అని లోపల్లోపల ఎంత కొట్టుకున్నానో! నా నల్లటి మొహం చూసి ఒక మనిషిని దొంగని చేసేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అతను తాళంచెవి గులాబీ కుండీ అంచు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నర్సరీలు మొత్తం ఒకే రోడ్డు మీదున్నాయి. మధ్యాహ్నానికల్లా 'ఏసుబాబు ఆయిల్ దొంగ' అన్న మాట ఆ చివరి దాకా పాకింది. రెండు వారాల్లో నాలుగు చోట్ల పని అడిగాడట, నాలుగు చోట్లా బండి లేదన్నారట. బళ్ళు లేని నర్సరీలా అవి!

ఇక మంగతాయారు గారు కొట్టువాడి మాట విని, ఉన్నదంతా దింపించి చిక్కటాయిల్ పోయించింది. ఏమైంది? చప్పుడు అలాగే ఉంది. దానికి తోడు పొద్దున్నే ఇంజిన్ కదలనని మొరాయించసాగింది. కొత్తగా వచ్చిన డ్రైవరు, సిలిండర్లు అరిగి ఇంజిన్ బోరుకొచ్చింది, మొత్తం విప్పాలన్నాడు. ఇప్పుడు ఆవిడకి వాడి మీద అనుమానం, కొట్టువాడి మీద అనుమానం. నన్ను రోజుకి మూడుసార్లు లాగేది. ఎన్నిసార్లు లాగితే మాత్రం అడగాల్సింది అడగనప్పుడు నేనేం చెప్పను?

చివరికి వేమగిరి జంక్షన్‌లో జిలానీ దగ్గరికి బండి తీసుకెళ్ళారు. ముసలి మెకానిక్, మాటలు తక్కువ.

"వేడి మీద వింటే ఏం తెలియదు మేడంగారూ. బండి వదిలెళ్ళండి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూస్తాను."

మర్నాడు ఆవిడ ఆరింటికే వచ్చి కూర్చుంది, ఇక్కడా ఎవరో మోసం చేస్తారని. జిలానీ బండి స్టార్ట్ చేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన టాపెట్ల మూత మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. అక్కణ్ణించి పక్కకి జరిగాడు. ఇంజిన్ పొగ గొట్టంలోకి పోయే చోట చెయ్యి దగ్గరగా పెట్టాడు, కాలేంత దగ్గరగా కాదు.

"ఇదిగో మేడంగారూ. ఇక్కడో బోల్టు విరిగిపోయింది. అతుకులోని ప్యాకింగ్ సందులోంచి పొగ చిమ్ముతోంది. మసి చూడండి. చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమంటుంది, వేడెక్కితే ఇనుము సాగి సందు మూసుకుంటుంది, చప్పుడు పోతుంది. ఆయిల్‌కీ దీనికీ సంబంధమే లేదు."

"మరి ఆయిల్ మూడ్రోజుల్లో నల్లబడిందే?" అంది ఆవిడ. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది.

జిలానీ విరిగిన బోల్టు తీసి కొత్తది బిగించాడు, ప్యాకింగ్ మార్చాడు. ఆ చిక్కటి జిగురంతా దింపేసి, బుక్కులో రాసున్న ఆయిలే కొత్త డబ్బా ఆవిడ చేతే సీలు తీయించి పోశాడు. తేనెరంగులో ఉంది. పావుగంట బండి నడిపి, ఆపి, కాసేపాగి, నన్ను లాగి ఆవిడ ముందు పెట్టాడు.

అప్పటికే నల్లబారుతున్నాను.

"డీజిల్ బండిలో మంచాయిల్ చేసే పనే అది మేడంగారూ. మసిని తనలో కలుపుకుంటుంది. నెల్రోజులైనా నల్లబడకపోతే, అప్పుడు అనుమానపడాలి."

మంగతాయారు గారు కొత్త డ్రైవరుతో, "ఏసుబాబు ఇంటికి పోనీ," అంది.

బానెట్ మూసి ఉంది, నాకు వినపడడమే గానీ కనపడదు. కుక్క మొరిగింది. తలుపు చప్పుడైంది. అడుగుల చప్పుడు పాక వైపు వెళ్ళి ఆగింది. ఆవిడ గొంతు: "రాటలు చూశాను ఏసూ. మొదళ్ళన్నీ నల్లగా ఉన్నాయి."

"ఆయ్. పూశానండి."

"ఆ చప్పుడు విరిగిన బోల్టుదట. తప్పు నాది. అందరి ముందూ అన్నాను, అందరి ముందూ ఒప్పుకుంటాను. రా."

"ఒక్కపూట ఆగుంటే నేనే చెప్పేవాణ్ణి కదమ్మగారూ, బోల్టని," అన్నాడు.

ఆవిడ మాట నిలబెట్టుకుంది. మొక్కలెక్కించే పన్నెండు మందినీ నిలబెట్టి చెప్పింది. ఏసుబాబు పనిలో చేరాడు. అమ్మయ్య, కథ కంచికి అనుకున్నాను. నేను కూడా ఒక్కోసారి మోసపోతుంటాను.

మొదటి రోజు పొద్దున్నే నన్ను లాగాడు, తుడిచాడు, దింపాడు, మళ్ళీ లాగాడు. చూసి లోపల పెట్టెయ్యకుండా, నన్ను పట్టుకుని తిన్నగా అరుగు దగ్గరికి నడిచాడు. కాఫీ తాగుతున్న మంగతాయారు గారి ముందు చాపాడు.

"చూసుకోండమ్మగారూ."

"ఛ, ఏంట్రా ఇది. వద్దు, వెళ్ళు."

వెళ్ళలేదు. కోపం లేదు మొహంలో, వెటకారం లేదు. ఆవిడ చూసి 'సరే' అనేదాకా అలాగే నిలబడ్డాడు. రెండో రోజూ అంతే. వానాకాలంలో గొడుగు కింద పట్టుకొచ్చి మరీ చూపించాడు. ఆవిడ బతిమాలింది, కసిరింది, ఒకరోజు లోపలికెళ్ళి తలుపేసుకుంది. లోడు ఆలస్యమవుతోందని తనే బయటికొచ్చి చూసింది. మూడేళ్ళు, ఒక్క రోజు తప్పలేదు. అతను చేసింది న్యాయమో, పగో నాకిప్పటికీ తేల్లేదు.

ఇంజిన్ ముసలిదైపోయి బండి తుక్కుకి అమ్మేసిన రోజు. నన్ను పట్టుకుని ఆఖరిసారి అరుగు దగ్గరికి వచ్చాడు. ఆవిడ జుట్టు అప్పటికి పూర్తిగా నెరిసింది.

"తుక్కుకి పోయే బండికి కూడానా ఏసూ? నన్నింకా క్షమించలేదా?"

"క్షమించడానికి మీరేం చేశారమ్మగారూ," అన్నాడు, చాపిన చెయ్యి దించకుండా. "చూసి చెప్పండి. బండి కదలాలి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి, చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, వంగి చూసింది.