ఐదుగురికొక చుక్క

ఎల్బీ నగర్ చౌరస్తాలో తెలంగాణ దీక్షా శిబిరం నడుస్తోంది. రాష్ట్రం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లలు ఏ మండలంలో ఎందరో చూపే పటం టెంటులో పెట్టాలని శిబిరం నడిపే బక్కయ్యన్న పట్టుబట్టాడు. "మిషన్ మీద తీసింది వద్దు చెల్లె, చేతితోని గీసింది కావాలె" అన్నాడు. పని నా నెత్తిన పడింది. పోయిన ఎండాకాలం మా ఊళ్లో అలా పోయినవాళ్లలో నా తమ్ముడు లింగస్వామి ఒకడు. వాడి మీద నాకింకా కోపం తీరలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు జాగ్రఫీ కోచింగ్ చెప్పే మల్లికార్జునరావు సారుది గుంటూరు. శిబిరానికి రానన్నారు గానీ, బంద్‌కు ఖాళీగా ఉన్న క్లాసురూములో బల్ల చూపించారు.

"ఒక్కో చుక్కకి ఐదుగురిని పెట్టుకో అమ్మా. మనిషికొకటి వేస్తే చుక్కలన్నీ అతుక్కుపోయి మరకైపోతుంది. మూడూ నాలుగూ ఉంటే ఐదు కింద లెక్క. ఒకటీ రెండూ ఉంటే వదిలెయ్యాలి."

అగ్గిపుల్ల కొసను ఇంకులో ముంచి, మండలం తర్వాత మండలం చుక్కలు పెట్టుకుంటూ పోయాను. అన్నీ ఒకే సైజులో రావాలి. మా మండలం దగ్గర చేయి ఆగింది. అక్కడ పోయింది ఇద్దరు.

"రెండుకి చుక్క రాదు కదమ్మా" అన్నారు సారు వెనక నుంచి. ఆయనకు మా తమ్ముడి సంగతి తెలియదు. అయినా ఒళ్లు మండింది.

మధ్యాహ్నం మా అమ్మ ఈరమ్మ, బస్సుల్లేక మేమిప్పుడు ఉంటున్న మన్సూరాబాద్ నుంచి నడిచి అన్నం తెచ్చింది. టిఫిన్ దించకుండానే పటం మీదికి వంగింది.

"మన దిక్కు ఏడున్నదే?"

చూపించాను. తెల్లగా ఉంది.

"ఏంది గిట్ల? మనోడు లేడా?"

నియమం చెప్పబోతే సగంలోనే ఆపింది. "గవన్ని నాకెందుకు? గింత చుక్క పెడితే మీ సారు సొమ్మేం పోతది?"

తప్పయితే తప్పని, సారు ముందే అగ్గిపుల్ల ముంచి మా మండలం నడుమ పెట్టేశాను. ఆయన ఏదో అనబోయి, అమ్మను చూసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

అమ్మ చుక్కను ముట్టబోయి, తడి ఆరలేదని ఆగింది. ఎన్నాళ్లకో ఆమె మొహం తేటపడింది. నాకు ఏడుపొచ్చింది.

"గిదంత మనోడేనా?"

"కాదమ్మా. ఒక్క చుక్కంటే ఐదుగురు."

"మన మండలంల పోయింది ఇద్దరే గద. మనోడు, గా బడి పక్కింటి పిల్లగాడు."

"అవును."

"మరి కడమ ముగ్గురు ఎవలే?"

ఊళ్లో మా చిన్నాన్న కొడుకులున్నారు, వాళ్ల దోస్తులున్నారు. ఒక్కొక్కరి పేరూ అమ్మ పెదవుల మీద కదిలింది. మొహంలో రంగు పోయింది.

"తీసెయ్."

"అమ్మా..."

"తీసెయ్ బిడ్డా. బతికున్న పిల్లలను అండ్ల కలుపకు. మనోడు లేకుంటే లేకపాయె."

బ్లేడు సారే తెచ్చి ఇచ్చారు. గీకుతుంటే కాగితం పల్చబడింది గానీ నలుపు పూర్తిగా పోలేదు. ఇక చాలని నేను చేయి తీయబోతే అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఇంక కనవడుతున్నది. గీకు."