గోరంత తగ్గించి

ఈ ఉదయం పరాంకుశం ఇల్లు గేటు నుంచి జానెడు దూరం జరిగింది. పేపరు కోసం పోర్టికో దిగినవాడు సిమెంటు బాట మధ్యలో ఆగి, ఆ ఎడం చూసి, కాలు కాస్త బారుగా వేసి దాటుతాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇంకాస్త బారుగా వేయాల్సి వస్తుంది.

ఆ బాటను కట్టేటప్పుడే రెండు పలకలుగా పోశారు. గేటు వైపు ఒకటి, ఇంటి వైపు ఒకటి. నడుమ బొటనవేలు పట్టేంత జాయింటు. ఎండకి సిమెంటు సాగుతుంది కాబట్టి ఆ చోటు కావాలి. దాని సంగతంతా ఆయన భార్య వకుళే చూసుకునేది. ఏటా తొలకరికి ముందు పీట వేసుకుని కూర్చుని, విరిగిన రంపపు బ్లేడుతో గడ్డీ మట్టీ గీకి తీసి, అడుగున తాడు కూరి, పైన తారు కాచి పోసేది. ఆయన వరండాలో పేపరు చదివేవాడు.

వకుళ పోయాక, కార్యం అయి చుట్టాలంతా వెళ్లిపోయాక, ఏం చేయాలో తోచక పరాంకుశం ఆ జాయింటుని సిమెంటుతో నింపేశాడు. తాపీతో నునుపు చేశాడు. తడిపిన గోనెపట్టా కప్పి పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లాడు. ఇంటికోసం ఆయన ఒక్కడే చేసిన మొదటి పని అది. వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

ఇప్పుడు ఆ సిమెంటు కడ్డీ జాయింటులో లేదు. ఎక్కడా విరగకుండా లేచి వచ్చి, ప్రహరీకి ఆనుకుని నిలబడి ఉంది, బస్సు కోసం చూస్తున్న మనిషిలా.

టిఫిన్ వేళకి ఎడం మంచమంత అవుతుంది. గ్యాసు సిలిండరు తెచ్చిన వీర్రాజు గేటు వైపు పలక మీదే ఆగిపోతాడు.

"ఇంటి దాకా తేవోయ్," అంటాడు పరాంకుశం.

"ఇన్నాళ్లూ ఇంటి దాకానే తెచ్చానండి. ఇప్పుడది కదుల్తా ఉందండి. కదిలే ఇంటికి ఇవ్వకూడదండి, బండికి ఇచ్చినట్టవుద్ది."

అందులో తప్పేమీ కనిపించక పరాంకుశం తలూపుతాడు. వీర్రాజు సిలిండరు అక్కడే దింపి వెళ్లిపోతాడు.

జాయింటు అంచున మొలిచిన గడ్డి మీదికి ఆయన చూపు పోతుంది. అది పైకి పెరగడం లేదు. ఒక్కో పరకా చిన్నగా వణికి లోపలికి వెళ్లిపోతోంది. ఎవరో కిందనుంచి లాగుతున్నారు. ఒకటి లాగి, ఆగి, మట్టి దులిపి, ఇంకొకటి. ఆ ఆగడం ఆయనకి తెలుసు.

బోర్లా పడుకుని లోపలికి చూస్తాడు. అక్కడ వేరే పూట ఎండ కాస్తోంది. పీట ఉంది. గాజుల చెయ్యి ఉంది, గోటి కింద తారు నలుపుతో.

"అక్కణ్నుంచి పీకుతున్నావేం?"

"పైనుంచి పీకితే వేరు ఉండిపోతుందండి. ఇన్నేళ్లూ అదే పొరపాటు చేశాను."

"నేను పోసిన సిమెంటు..."

"బాగానే నునుపు చేశారు." గొంతులో నవ్వుంది. "కానీ చెయ్యి ఆడలేదు. కాస్త పక్కకి నెట్టాను. ఇల్లు కూడా జరుగుతుందనుకోలేదు."

మధ్యాహ్నానికి కబురు తెలిసి వకుళ చెల్లెలు రోహిణి ఆటోలో సిమెంటు బస్తాలు వేసుకుని దిగుతుంది. నడుము మీద చెయ్యి పెట్టుకుని ఎడాన్ని కొలిచినట్టు చూస్తుంది.

"బావగారూ, సాయంత్రానికి మీ ఇల్లు వెనక వీధిలో ఉంటుంది. అక్కడ కుళాయి సరిగ్గా రాదు, ముందే చెబుతున్నా. నిండా కాంక్రీటు కొట్టించేద్దాం. పొమ్మన్నా పోదు."

"లోపల మీ అక్క ఉందమ్మా."

రోహిణి వంగి చూస్తుంది. చాలాసేపు చూస్తుంది.

"ఎక్కడున్నా పని పెట్టుకోకుండా ఉండదు కదా ఈవిడ," అంటుంది కొంగుతో ముక్కు తుడుచుకుని. "మరి ఇల్లో?"

జాయింటు మూయకపోతే ఇల్లు పోతుంది. మూస్తే ఆ చెయ్యి ఆడదు. పరాంకుశం అటూ ఇటూ చూసి, మళ్లీ లోపలికే వంగుతాడు.

"నువ్వెలా చేసేదానివి?"

ఈ మాట ఆయన ఎప్పుడూ అడగలేదు. లోపల పని ఆగుతుంది.

"తాడు తెండి," అంటుంది వకుళ.

నూతి తాడు తెచ్చి వదులుతాడు. కింద ఎవరో అందుకుంటారు. తాడు బిగుస్తుంది. ఒడ్డుకి లాగిన పడవలా ఇల్లు నెమ్మదిగా వెనక్కి వస్తుంది, వంటింట్లో గిన్నెలు కదులుతూ. పలకల మధ్య మళ్లీ బొటనవేలంత చోటు మిగులుతుంది. తాడు అడుగున సర్దుకుని పడుకుంటుంది.

ఇటుకల పొయ్యి మీద తారు కరుగుతుంది. రోహిణి దగ్గుతూ విసనకర్రతో విసురుతుంది. పరాంకుశం పోస్తాడు.

"నిండా పొయ్యకండి," అంటుంది కిందనుంచి వకుళ. "ఎండకి ఉబ్బి చెప్పులకి అంటుతుంది. గోరంత తగ్గించి ఆపండి. రెండు పక్కలా మెదలాలి."

ఆయన గోరంత తగ్గించి ఆపుతాడు.

సిమెంటు కడ్డీని రోహిణి తను వచ్చిన ఆటోలోనే ఎక్కించుకుంటుంది. దానికి కూర్చోవడం రాదు కాబట్టి తల బయటికి పెట్టుకుని వెళ్తుంది.

తారు చల్లారాక పరాంకుశం దాని మీద వేలు ఆనిస్తాడు. వేలు మెత్తగా దిగుతుంది. కిందనుంచి ఇంకో వేలు దాన్ని మెల్లగా వెనక్కి నెడుతుంది.

వదిలిన ఆ గోరంత లోతులోంచి ఒక గడ్డిపరక లేస్తుంది, తెల్లటి వేర్లు పైకి పెట్టుకుని. పీకబోయి ఆగుతాడు. చెంబుతో నీళ్లు తెచ్చి, పైకి ఒంపుతాడు. నీళ్లు ధారగా ఆకాశంలోకి వెళ్లిపోతాయి.

కాసేపటికి బాట కింద వాన మొదలవుతుంది. ఆరేసిన బట్టలు గబగబా తీస్తున్న గాజుల చప్పుడు వినిపిస్తుంది.