చేపనూనె చేయలేని పని

నేను భయస్థురాలినని మా దీవిలో అందరికీ తెలుసు. నా కూతురు తూవా దగ్గిందంటే చాలు, నా చెవుల్లో అంబులెన్సు పడవ మోగుతుంది. "నీ భయాన్ని ఇంజనులో పోస్తే పడవ అవతలి ఒడ్డుకు పోతుందే" అంటుంది మా అత్తగారు బోర్గిల్. కానీ ఆ ఫిబ్రవరిలో మాత్రం నేను విన్నది సరిగ్గానే విన్నాను.

తూవాకు చిన్నప్పటి నుంచీ ఆస్తమా. పిల్లి బొచ్చు తగిలినా, బర్చ్ చెట్ల పుప్పొడి రేగినా గాలిగొట్టాలు లోపల వాచిపోతాయి. ఆయాసం వస్తే పీల్చడానికి నీలం మందు ఉంది. పొద్దునా సాయంత్రం తప్పకుండా పీల్చాల్సింది గోధుమరంగు మందు. అందులో స్టెరాయిడ్ ఉంటుందంటే పిల్ల ఎముకలు గుల్లయిపోతాయేమోనని నాకు దిగులు. డాక్టర్ యోరున్ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఆ మందు కణంలోకి వెళ్లి అక్కడుండే తాళంలాంటి గ్రాహకాన్ని పట్టుకుంటుందట. రెండూ కలిసి కేంద్రకంలోకి పోయి, వాపు పుట్టించే ఆజ్ఞలను ఆపేస్తాయట. ఒక్క రోజులో అయ్యే పని కాదు కాబట్టి మానకూడదంది. మరి మేం రోజూ తాగే చేపనూనెలో ఉండే విటమిన్ డి సంగతేమిటని అడిగాను. దానికీ అలాంటి గ్రాహకమే మరొకటి ఉందంది. తూవా పక్కనే కూర్చుని వింది.

మార్చి చివర దీవుల జట్ల మధ్య మంచు మీద స్కీ రిలే పోటీ. ఆఖరి వంతు తూవాది. పోటీకి ఇంకా నెలకు పైగా ఉందనగా తెల్లవారుజామున దగ్గు మొదలైంది. మెట్లెక్కుతుంటే ఛాతీలో సన్నని ఈల. చలిగాలి అన్నాడు కోచ్. నీకెప్పుడూ భయమే అన్నాడు మా ఆయన, వేట పడవ మీంచి ఫోనులో.

పేరులో 'ర' పలికే నెలలన్నింటా, అంటే సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా, పొద్దున్నే చెంచాడు చేపనూనె తాగడం మా ఇళ్లలో ఆచారం. ఆ రోజు సీసా ఎత్తి చూస్తే అడుగు కనిపించింది. తెచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. సీసా తీసుకెళ్లి తూవా ముందు పెట్టాను.

"ఇంత నూనె ఎవరు తాగుతున్నారే?"

తూవా చెప్పింది. స్కీలకు మైనం రాసే కొట్టంలో, తను మందు పీల్చడం చూసి పక్క దీవి జట్టులోని ఇంగెర్ అందట, ఊపిరి సీసాలో కొనుక్కొచ్చే వాళ్లతో పోటీ ఏమిటని. ఆ రోజు నుంచి పిల్ల గోధుమరంగు మందు మానేసి, నూనె రెట్టింపు చేసింది.

"రెండిటికీ లోపల గ్రాహకం ఉందని డాక్టరే అంది కదమ్మా. ఇది అందరూ తాగేదే. దీన్నెవరూ మోసం అనరు."

వెంటనే డాక్టరుకు ఫోను చేసి, తూవాకూ వినపడేలా స్పీకరు పెట్టాను.

"రెండు తాళాలూ ఒకే ఇంట్లో ఉన్నాయి తూవా. కానీ వేరువేరు తలుపులవి. నూనెతో మందు తలుపు తెరుచుకోదు" అంది యోరున్. డాక్టరు రాసినంత పీలిస్తే పోటీల నియమాలకు విరుద్ధం కాదని కూడా చెప్పింది. మందు ఇవాళే మొదలుపెట్టాలి. పోటీకి ముందు ఊపిరి పరీక్షలో నెగ్గకపోతే మాత్రం స్కీలు తొడగడానికి వీల్లేదు.

బోర్గిల్ సీసాను అల్మారాలో పెట్టేసి, "ఈసారికి నీ భయం పనికొచ్చిందిలే" అంది.

దగ్గు ఉన్నపళంగా పోలేదు. ఈల ముందు సన్నబడింది, తర్వాత ఆగింది. పరీక్షలో తూవా నెగ్గింది.

పోటీ పొద్దున కొట్టంలో అందరి ముందే గోధుమరంగు మందు తీసి పీల్చింది.

"గెలిచే మందు మాకూ కాస్త ఇవ్వొచ్చుగా" అంది ఇంగెర్.

ఆ మందు పీల్చాక ఎప్పుడూ చేసేటట్టే తూవా నోరు పుక్కిలించి, గుమ్మం బయటి మంచులోకి ఉమ్మింది. "ఇది గెలిపించదే. నిన్ను దాటాలంటే నా కాళ్లే కావాలి."

ఇంగెర్ నవ్వేసి, మైనం డబ్బా తూవా వైపు జరిపింది.

నేను ఆఖరి మిట్ట దగ్గర నిలబడ్డాను, చేతి తొడుగులో నీలం మందు పట్టుకుని. తూవా నా పక్కనుంచే ఎక్కింది. ఎన్నో స్థానమో బోర్గిల్ అరిచి చెబుతోంది. నేను వింటున్నది పిల్ల ఊపిరి. గట్టిగా, లోతుగా ఉంది. ఈల లేదు.